వజ్రానికి సర్టిఫికెట్ ఉంది, ఏరిన చేతికి రసీదు లేదు



జూన్‌లో తొలకరి పడిందంటే చాలు, ఆదోని బస్టాండులో పత్తికొండ బస్సు కోసం జనం కనపడతారు. సద్దిమూట, నీళ్ల సీసా, తలకు తువ్వాలు. ఎమ్మిగనూరు, కోసిగి, పెద్దకడుబూరు వైపు నుంచి కూడా వచ్చి ఇక్కడ బస్సు మారతారు. ఎవరైనా అడిగితే చుట్టాల ఊరికి పోతున్నామంటారు. పోయేది తుగ్గలి, జొన్నగిరి, పగిడిరాయి, మద్దికెర చేలకు. వానకు మట్టి కొట్టుకుపోయి రాళ్లు పైకి తేలతాయి. వాటిలో ఎక్కడో ఒకటి వజ్రం కావచ్చు. పొద్దుగాల నుంచి పొద్దుమునిగే దాకా నడుము వంచి చూసుకుంటా నడుస్తారు. వందమందిలో తొంభైతొమ్మిది మంది ఉత్త చేతులతోనే తిరిగొస్తారు.

వీళ్లు ఆశబోతులు కారు. వానలు మొదలై సేద్యం పని ఇంకా ఊపందుకోని రోజులవి. సుగ్గికి పోయి గుంటూరు మిరప చేలల్లో సంపాదించింది అప్పులకే పోయుంటుంది. ఆ నాలుగు వారాలు ఇంట్లో ఏమీ ఉండదు. అందుకే పోతారు.

నాలుగేళ్ల కింద మా కాకి కూడా పోయింది. మాది సుగాలి తండా. ఆమెకు ఒక రాయి దొరికింది, శనగ గింజ కంటే కొంచెం పెద్దది. సాయంత్రానికి కొనేవాడొచ్చాడు. అరచేతిలో పెట్టుకుని వెలుతురుకు చూశాడు. ‘ఎనిమిది వేలు. ఇస్తే ఇయ్యి, లేకుంటే పోలీసోళ్లకి ఇచ్చుకో’ అన్నాడు. కాకి ఇచ్చేసింది. విత్తనాల అంగడి బాకీ కట్టింది. ఆ రాయి బరువెంత, నాణ్యత ఎట్లాంటిది, తర్వాత ఎవరికి ఎంతకు పోయింది, మాకు ఈరోజుకీ తెలియదు. చేతిలో ఒక చీటీ ముక్క కూడా లేదు. ఎనిమిది వేలు ఎక్కువో తక్కువో కూడా చెప్పలేను. ఆ తెలియకపోవడం గురించే ఈ వ్యాసం.

ఎందుకు ఇప్పుడు రాస్తున్నానంటే, 2026 జనవరి 1 నుంచి కింబర్లీ ప్రాసెస్‌కు మన దేశం అధ్యక్షత వహిస్తోంది. ఇది మూడోసారి. అంతకుముందు 2008లో, 2019లో వహించింది. ప్రపంచంలో ముడి వజ్రాల వ్యాపారం ఎట్లా నడవాలో చెప్పే వేదిక అది. ఆ కుర్చీలో కూర్చున్న దేశంలో, మా జిల్లాలో, రాయి ఏరిన మనిషికి ఏ లెక్కా లేదు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి మాట్లాడుకోవాలి.

ముందు కింబర్లీ అంటే ఏందో తెలుసుకుందాం. 1990లలో ఆఫ్రికాలోని సియర్రా లియోన్, అంగోలా దేశాల్లో అంతర్యుద్ధాలు నడిచాయి. సియర్రా లియోన్‌లో ఆర్‌యూఎఫ్ అనే సాయుధ దళం వజ్రాల ప్రాంతాలను పట్టుకుని, రాళ్లు అమ్మి తుపాకులు కొనింది. మామూలు జనం చేతులు నరికింది. అంగోలాలో యునిటా దళం కూడా వజ్రాల డబ్బుతోనే యుద్ధం సాగించింది. 1998లో గ్లోబల్ విట్నెస్ అనే సంస్థ ఈ సంగతి బయటపెట్టాక, యూరప్, అమెరికా నగల దుకాణాల్లో ‘ఈ ఉంగరంలో ఎవరి రక్తం ఉంది?’ అని అడగడం మొదలైంది. వ్యాపారులకు భయం పట్టుకుంది. 2000 మే నెలలో దక్షిణాఫ్రికాలోని కింబర్లీ అనే పాత గని పట్టణంలో ప్రభుత్వాలు, కంపెనీలు, పౌర సంఘాలు కూర్చున్నాయి. 2003 జనవరి నుంచి సర్టిఫికెట్ పద్ధతి అమల్లోకి వచ్చింది.

పద్ధతి సులువే. ముడి వజ్రాల పొట్లం ఒక దేశం నుంచి ఇంకో దేశానికి పోవాలంటే, తెరిస్తే తెలిసిపోయేలా సీలు వేయాలి, ప్రభుత్వం గుర్తించిన సంస్థ ఇచ్చిన సర్టిఫికెట్ జతచేయాలి. సభ్యులు కాని దేశాలతో ముడి వజ్రాల వ్యాపారం చేయకూడదు. యూరప్ యూనియన్‌ను విడివిడిగా లెక్కేస్తే ఇప్పుడు 80కి పైగా దేశాలు ఇందులో ఉన్నాయి. మన దేశంలో ఈ సర్టిఫికెట్లు ఇచ్చే పని జెమ్ అండ్ జ్యువెలరీ ఎక్స్‌పోర్ట్ ప్రమోషన్ కౌన్సిల్ చూస్తుంది. ప్రపంచంలో సానపట్టే వజ్రాల్లో పదికి తొమ్మిది మన దేశంలోనే, ఎక్కువగా సూరత్‌లో, సానపడతారని లెక్క. కాబట్టి ఈ కాగితం మన దేశానికి చాలా ముఖ్యం.

దీనివల్ల మంచి జరగలేదని నేననను. యుద్ధాలు చేసే దళాలకు వజ్రాలు బహిరంగంగా అమ్ముకోవడం కష్టమైంది. సెంట్రల్ ఆఫ్రికన్ రిపబ్లిక్‌లో తిరుగుబాటు వచ్చినప్పుడు 2013లో ఆ దేశపు ఎగుమతులు ఆపారు. అది చిన్న పని కాదు.

అయితే ఆ కాగితంలో ‘కాన్‌ఫ్లిక్ట్ డైమండ్’ అంటే అర్థం ఏం రాశారో చూడండి. చట్టబద్ధమైన ప్రభుత్వాలను కూల్చడానికి తిరుగుబాటు దళాలు వాడుకునే ముడి వజ్రాలు. అంతే. ప్రభుత్వమే జనం మీద పడితే? కంపెనీ కాపలాదారులు కొడితే? గని కోసం ఊరు ఖాళీ చేయిస్తే? ఈ కాగితం దృష్టిలో అవేవీ ‘సంఘర్షణ’ కావు.

ఇది మాటవరసకు అనడం లేదు. జింబాబ్వేలో మరాంగే అనే చోట 2006లో వజ్రాలు బయటపడ్డాయి. పొట్టకూటి కోసం వేలమంది అక్కడికి చేరారు. 2008 చివర్లో ఆ దేశ సైన్యం దిగి రెండు వందల మందికి పైగా చంపిందని హ్యూమన్ రైట్స్ వాచ్ నివేదిక రాసింది. హెలికాప్టర్ల నుంచి కూడా కాల్చారని చెప్పింది. కాల్చింది ప్రభుత్వ సైన్యం, తిరుగుబాటు దళం కాదు. కొంతకాలం ఎగుమతులు ఆపి, 2011 నవంబరులో మరాంగే వజ్రాలకు మళ్లీ దారి ఇచ్చారు. ఈ పద్ధతి పుట్టడానికి కారణమైన గ్లోబల్ విట్నెస్ సంస్థే మరుసటి నెలలో కింబర్లీ నుంచి బయటికి వచ్చేసింది.

ఇంకో కథ మన ఆదివాసులకు ఇంకా దగ్గరది. బోట్స్వానా దేశంలో కలహారి ఎడారి మధ్యలో సాన్ ప్రజలున్నారు. వేటాడి, దుంపలు తవ్వుకుని బతికిన మూలవాసులు. 1997లో, 2002లో ప్రభుత్వం వాళ్లను సెంట్రల్ కలహారి గేమ్ రిజర్వు నుంచి పంపించేసింది. నీళ్ల బోరు మూసేసింది. వజ్రాల కోసం కాదు, జంతువుల రక్షణ కోసం, వాళ్ల అభివృద్ధి కోసం అని ప్రభుత్వం చెప్పింది. సాన్ ప్రజలు కోర్టుకు పోయారు. 2006 డిసెంబరులో హైకోర్టు వాళ్ల వైపు తీర్పిచ్చింది. బోరు నీళ్ల హక్కు కోసం మళ్లీ కొట్లాడి 2011లో గెలవాల్సి వచ్చింది. ఆ తర్వాత 2014లో అదే రిజర్వులో వజ్రాల గని తెరిచారు. కింబర్లీ లెక్కలో బోట్స్వానా వజ్రాలు మొదటి నుంచీ మచ్చలేనివే. చదువుతుంటే నల్లమల చెంచులు గుర్తుకు రావడం లేదా? పులుల కోసం అడవి వదలమన్న అదే నల్లమలలో తర్వాత యురేనియం వెతకాలన్నారు. 2019లో అందరం గొంతు కలిపితేనే వెనక్కి తగ్గారు.

ఇప్పుడు మా జిల్లాకొద్దాం. కింబర్లీ కాగితం దేశం సరిహద్దు దగ్గర మాత్రమే అడుగుతుంది. తుగ్గలి చేలో దొరికిన రాయి మన దేశంలోనే సానపడితే అది ముడి వజ్రంగా సరిహద్దు దాటదు. కాబట్టి దానికి సర్టిఫికెట్ అక్కర్లేదు. సానపట్టిన తర్వాత కింబర్లీ నిబంధన అసలు వర్తించదు. అక్కడినుంచి వ్యాపారుల సంఘం పెట్టుకున్న హామీ ఒకటుంది. బిల్లు మీద ‘ఈ వజ్రాలు సంఘర్షణతో సంబంధం లేనివి’ అని ఒక వాక్యం రాసి సంతకం పెడతారు. మా కాకి రాయి కూడా ఏదో ఒక నగలో, ఏదో ఒక బిల్లు మీద, ఆ వాక్యంతోనే ఉండొచ్చు.

కింబర్లీ పత్రంలోనే ఒక సిఫారసు ఉంది. చిన్నచిన్నగా వజ్రాలు ఏరుకునేవాళ్లు, తవ్వుకునేవాళ్లు అందరికీ లైసెన్సు ఉండాలి, కొనేవాళ్లు, అమ్మేవాళ్లు నమోదు కావాలి అని. 2012లో వాషింగ్టన్ డిక్లరేషన్ పేరుతో, చేతిపనిగా వజ్రాలు తీసే కూలీల బతుకు బాగుపడే చర్యలు దేశాలు తీసుకోవాలని ఇంకో తీర్మానం చేశారు. వీటిని రాసినప్పుడు వాళ్ల మనసులో ఆఫ్రికా దేశాలే ఉన్నట్టున్నాయి. జొన్నగిరి ఎవరికి గుర్తుంటుంది?

మరి మా దగ్గర ఎట్లా నడుస్తుంది? వానాకాలం రాగానే కొనేవాళ్లు చుట్టుపక్కల ఊళ్లలో మకాం పెడతారు. రాయి దొరికిందని తెలిస్తే వచ్చి వాలతారు. పెద్ద రాయైతే నలుగురు వ్యాపారులు కూర్చుని గుట్టుగా టెండరు వేసుకుంటారు. ఎవరు ఎంత పాడాలో ముందే మాట్లాడుకున్నారా లేదా అనేది అమ్మే మనిషికి తెలిసే దారి లేదు. ఇంత నగదు, ఇన్ని తులాల బంగారం అని బేరం తేలుతుంది. మరుసటి రోజు పేపర్లో ‘రైతు ఇంట వజ్రాల పంట’ అని వస్తుంది. పేపర్లో వచ్చేది పెద్ద రాయి, ఎక్కువగా పొలం ఉన్నవాడిది. చిన్న రాళ్లు, కూలీల రాళ్లు, ఆడవాళ్ల రాళ్లు పేపర్లోకి రావు.

అమ్మే మనిషి నోరు ఎందుకు మూసుకుంటాడంటే చట్టం భయం. 1957 నాటి గనుల చట్టం ప్రకారం లీజు లేకుండా ఖనిజం తీయడం, తరలించడం నేరం. ఆ నేరం బరువంతా ఏరిన మనిషి నెత్తి మీదే ఉంటుంది. కొనేవాడు దాన్నే బెదిరింపుగా వాడుకుంటాడు. ఇంకోపక్క పొలం యజమాని. విత్తనం వేసే ముందు చేను తొక్కుతున్నారని కొందరు రైతులు ‘లోపలికి రావద్దు’ అని బోర్డులు పెడుతున్నారు. వాళ్ల బాధలో న్యాయం లేకపోలేదు. కానీ కలుపు తీసే కూలిమనిషికి రాయి దొరికితే అది ఎవరిది? సగమా, పావా? రాసుకున్న మాట ఏదీ లేదు. బలమున్నవాడి మాటే చెల్లుతుంది.

ఇట్లా కాకుండా వేరే దారి ఉందా అంటే మన దేశంలోనే ఉంది. మధ్యప్రదేశ్‌లోని పన్నా జిల్లాలో ప్రభుత్వ వజ్రాల కార్యాలయం ఉంది. ఎనిమిది మీటర్ల పొడవు, ఎనిమిది మీటర్ల వెడల్పు జాగా ఏడాదికి కొన్ని వందల రూపాయలకు పట్టా ఇస్తారు. వజ్రం దొరికితే కార్యాలయంలో జమ చేయాలి. వాళ్లు తూకం వేసి, రాసుకుని, బహిరంగంగా వేలం వేస్తారు. రాయల్టీ, పన్నులు కోసుకుని మిగిలింది దొరికిన మనిషికే ఇస్తారు. 2024 జులైలో అక్కడ ఒక గోండు కూలీకి 19.22 క్యారెట్ల వజ్రం దొరికింది. ఎనభై లక్షలకు పైగా పలకొచ్చని పేపర్లు రాశాయి. ఆ మనిషి రాత్రిపూట దొంగలా తిరగలేదు. పట్టపగలు కార్యాలయానికి పోయి జమ చేశాడు. అక్కడ గోండుకు ఉన్న కాగితం ఇక్కడ సుగాలికి, ఎరుకలకు, బోయకు, మాదిగకు ఎందుకు లేదు?

పన్నా స్వర్గం అని చెప్పడం లేదు. వేలం నెలల తరబడి ఆగుతుంది, డబ్బు ఆలస్యంగా వస్తుంది కాబట్టి అక్కడ కూడా చాలామంది దొంగచాటుగా అమ్ముకుంటారు. అప్పులిచ్చి కూలీలను కట్టేసుకునే సేట్లు ఉన్నారు. అందుకే కార్యాలయం పెడితే చాలదు, జమ చేసిన రోజే కొంత అడ్వాన్సు చేతిలో పడాలి. ఆకలితో ఉన్న మనిషి మూడు నెలలు ఆగలేడు.

మన వాళ్లలోనే కొందరు నాతో వాదిస్తారు. ‘తమ్ముడూ, ఇప్పుడు ఎనిమిది వేలన్నా వస్తున్నాయి. గవర్నమెంటు దిగితే ఆఫీసరు, పోలీసు, పన్ను అన్నీ దిగుతాయి. ఉన్నది కూడా పోతుంది’ అని. ఈ భయాన్ని నేను కొట్టేయను. మనకు ఆఫీసుల అనుభవం మంచిది కాదు. కానీ మనం పిలిచినా పిలవకపోయినా ప్రభుత్వం, కంపెనీలు ఈ నేలకు వస్తాయి. 2023లో గనుల చట్టం సవరించి, లోతులో ఉండే ఖనిజాల అన్వేషణకు ప్రైవేటు సంస్థలకు కొత్త రకం లైసెన్సు తెచ్చారు. ఆ జాబితాలో బంగారం ఉంది, వజ్రం కూడా ఉంది. జొన్నగిరి పక్కన ప్రైవేటు బంగారు గని ఇప్పటికే వచ్చింది. రేపు వజ్రాల కోసం ఎవరైనా వస్తే, మొదట ఆగిపోయేది ఈ చేలల్లో రాళ్లు ఏరడమే. ఇన్నేళ్లుగా ఇక్కడ జనం రాళ్లు ఏరుకుని బతికారనే కాగితం ఒక్కటి కూడా అప్పటికి మన దగ్గర లేకపోతే, మనం కోల్పోయింది ఏమీ లేదంటారు.

ఇంకో సంగతి మన యువత బాగా గుర్తుపెట్టుకోవాలి. 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు గురించి మనం సభల్లో గర్వంగా చెప్పుకుంటాం. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వం ప్రైవేటు కంపెనీలకు గని లీజులు ఇవ్వకూడదని చెప్పిన తీర్పు అది. కానీ ఆదోని, పత్తికొండ ప్రాంతం ఐదో షెడ్యూల్‌లో లేదు. ఇక్కడి తండాలకు ఆ తీర్పు రక్షణ లేదు, పెసా చట్టం కూడా వర్తించదు. మనం ఎస్టీలమే, మన నేల మాత్రం షెడ్యూల్డ్ నేల కాదు. అరకులో చెల్లే మాట ఇక్కడ చెల్లదు. అందుకే ఇక్కడ కొత్తగా కొట్లాడి తెచ్చుకోవాలి.

కాబట్టి మనం అడగాల్సినవి ఇవి.

ఒకటి. పత్తికొండలోనో తుగ్గలిలోనో వజ్రాల నమోదు కార్యాలయం పెట్టాలి. తెచ్చిన రాయిని మనిషి కళ్ల ముందే తూచి, అదే రోజు రసీదు, అడ్వాన్సు ఇవ్వాలి. వేలం బహిరంగంగా జరగాలి. తెచ్చి జమ చేసినవాళ్ల మీద కేసు పెట్టకూడదు. కొనేవాళ్లకు లైసెన్సు తప్పనిసరి చేయాలి.

రెండు. పొలం యజమానికి, ఏరిన కూలీకి వాటా ఎంతో జీవోలో రాయాలి. చేను పాడైతే రైతుకు పరిహారం అందులోనే ఉండాలి. రైతుకూ కూలీకీ తగువు పెట్టి మధ్యలో వ్యాపారి బాగుపడే పద్ధతి పోవాలి.

మూడు. ఈ మండలాల్లో ఏ అన్వేషణ లైసెన్సు వేలం వేయాలన్నా ముందు ఊరి గ్రామసభతో పాటు తండాలో విడిగా సభ పెట్టి, మనకు అర్థమయ్యే భాషలో చెప్పి, ఒప్పుకోలు తీసుకోవాలి. 2007లో ఐక్యరాజ్యసమితి మూలవాసుల హక్కుల ప్రకటనకు మన దేశం అనుకూలంగా ఓటేసింది. ముందుగా, స్వేచ్ఛగా, తెలిసి ఇచ్చే సమ్మతి అనే మాట అందులోదే.

నాలుగు. కింబర్లీ అధ్యక్ష స్థానంలో ఉన్న భారత ప్రభుత్వం ఆ ‘సంఘర్షణ’ నిర్వచనాన్ని మార్చే ప్రయత్నం చేయాలి. తుపాకీ ఎవరి చేతిలో ఉన్నా, తరిమేసింది ఎవరైనా, అది సంఘర్షణే. ఏ నిర్ణయానికైనా సభ్యులందరూ ఒప్పుకోవాలన్న నిబంధన వల్ల ఏళ్లుగా ఇది ముందుకు కదలడం లేదు. అధ్యక్ష దేశం కనీసం ఆ మాట గట్టిగా ఎత్తాలి. ఎత్తే ముందు తన ఇంట్లో లెక్క సరిచేసుకోవాలి.

మనవైపు నుంచి చేయగలిగింది కూడా ఉంది. చదువుకున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, సమాచార హక్కు చట్టం కింద గనుల శాఖకు ఒక దరఖాస్తు పెట్టండి. గత పదేళ్లలో తుగ్గలి, మద్దికెర, జొన్నగిరి ప్రాంతాల నుంచి ఎన్ని వజ్రాలు మీ రికార్డుల్లో నమోదయ్యాయి, వాటి బరువెంత, రాయల్టీ ఎంత వచ్చింది? ఈ మూడు ప్రశ్నలు చాలు. దరఖాస్తు ఫీజు పది రూపాయలు. వచ్చిన జవాబు పట్టుకుని ఆగస్టు 9న ప్రపంచ ఆదివాసీ దినోత్సవం రోజు తండాల్లో చదివి వినిపిద్దాం. ఆగస్టు 15 గ్రామసభలో తీర్మానం పెట్టిద్దాం. ఒక క్యారెట్ అంటే 0.2 గ్రాము అని, బంగారం తూచే చిన్న తక్కెడలో కూడా అది తెలిసిపోతుందని మన అమ్మలకు, కాకీలకు చెబుదాం. తూకం తెలిసిన మనిషిని మోసం చేయడం కొంచెమన్నా కష్టమవుతుంది.

పదిహేడో శతాబ్దంలో టావెర్నియర్ అనే ఫ్రెంచి వ్యాపారి కృష్ణా ఒడ్డున కొల్లూరు గనులు చూసి, అక్కడ అరవై వేల మంది పనిచేస్తున్నారని రాసుకున్నాడు. మగవాళ్లు తవ్వుతుంటే ఆడవాళ్లు, పిల్లలు మట్టి మోసేవాళ్లట. గోల్కొండ వజ్రాల పేర్లు, అవి ఏ రాజు కిరీటంలో ఉన్నాయో, అన్నీ పుస్తకాల్లో ఉన్నాయి. ఆ అరవై వేల మందిలో ఒక్కరి పేరైనా చెప్పండి చూద్దాం.

మా కాకి ఈసారి కూడా తొలకరికి బయల్దేరుతానంటోంది. పోవద్దని చెప్పే హక్కు నాకు లేదు, ఆ నాలుగు వారాలు ఇంట్లో పొయ్యి నేను వెలిగించలేను. ఆమె చేతిలో ఈసారి రాయి దొరికితే, దానికి పక్కన ఆమె పేరుతో ఒక రసీదు ఉండాలి. మన ఉద్యమం ఈ ఏడాది అడగాల్సింది అదే.

జై ఆదివాసీ! జై భీమ్!